ఏ రాష్ట్రం దక్షిణాది? దేన్ని బట్టి?

(అట్లాంటా ఉత్తర శివారులో తెలుగు పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. వెనుక నిలబడ్డవారు మొహమాటపడకుండా ముందుకు రండి. చివరి వరుసకు వినబడుతోందా? మంచిది.

ప్రశ్న చిన్నదే. అమెరికాలో ఒక రాష్ట్రాన్ని దక్షిణాది అని దేన్ని చూసి అంటాం? పటం చూసి అంటామా? అరిజోనాలోని ఫీనిక్స్ నగరం మన అట్లాంటా కన్నా కాస్త దక్షిణంగానే ఉంది. అరిజోనాను దక్షిణాది అని ఎవరైనా అంటారా? అనరు. హవాయి అన్నిటికన్నా దక్షిణాన ఉంది. దాన్నీ ఎవరూ అనరు. అంటే దిక్కుతో పని లేదన్నమాట. మరి దేనితో పని? మీలో షార్లెట్ నుంచి వచ్చినవారున్నారు, డాలస్ నుంచి చుట్టపుచూపుగా వచ్చినవారున్నారు. నన్ను చాలామంది అడుగుతుంటారు, టెక్సస్ దక్షిణాదేనా, ఫ్లోరిడా దక్షిణాదేనా, మేరీల్యాండ్ సంగతేమిటి అని. ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం. ఎందుకంటే దీనికి జవాబు వెతుకుతూ పోతే ఈ దేశం పునాదుల దాకా వెళ్తాం.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. దాన్ని చివరి దాకా దాచి పెట్టను. దక్షిణాది సంస్కృతి తెల్లవారి సొత్తు కాదు. బానిసలుగా తెచ్చిన నల్లవారూ, వారిని బానిసలుగా ఉంచిన తెల్లవారూ ఒకే నేల మీద, ఒకే పొలంలో, ఒకే వంటగది చుట్టూ, ఘోరమైన అన్యాయం మధ్య తరతరాలు బతికితే పుట్టిన బతుకు అది. ఆ ఉమ్మడి బతుకు జాడలు ఎక్కడ దట్టంగా ఉంటే ఆ రాష్ట్రం అంత దక్షిణాది. జెండా ఏది ఎగరేశారు, యుద్ధంలో ఎటు నిలబడ్డారు అన్నవి ఆ తర్వాతి మాటలు. ఇదీ నా అభిప్రాయం. ఇక దీన్ని ఒక్కో రాష్ట్రం మీద పెట్టి చూద్దాం.

ముందు అందరూ చెప్పే గీత ఒకటుంది కదా, మేసన్-డిక్సన్ గీత. చార్లెస్ మేసన్, జెరెమయా డిక్సన్ అనే ఇద్దరు ఇంగ్లీషు సర్వేయర్లు 1763 నుంచి 1767 దాకా కొలిచి గీసిన సరిహద్దు అది. ఎందుకు గీశారు? పెన్సిల్వేనియా పెన్ కుటుంబానికీ, మేరీల్యాండ్ కాల్వర్ట్ కుటుంబానికీ పొలిమేర తగాదా. అంతే. ఉత్తరం, దక్షిణం అన్న ఊహే అప్పట్లో వారికి లేదు. గీతకు అటూ ఇటూ కూడా బానిసత్వం చట్టబద్ధమే. 1780లో పెన్సిల్వేనియా బానిసత్వాన్ని క్రమంగా రద్దు చేసే చట్టం చేసింది, మేరీల్యాండ్ చేయలేదు. అప్పటి నుంచి ఆ పొలిమేర రాళ్ళకు కొత్త అర్థం వచ్చింది. బానిసత్వం నుంచి తప్పించుకుని దాని మీద పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్, హారియెట్ టబ్‌మన్ ఇద్దరూ మేరీల్యాండ్ తూర్పు తీరంలో బానిసలుగా పుట్టినవారే. ఆ తీరపు పొలాల్లోకి వెళ్తే మేరీల్యాండ్ దక్షిణాదే. వాషింగ్టన్ చుట్టూ ఉన్న శివార్లలో మాత్రం ఆ జాడ వెతికినా సులభంగా దొరకదు.

రెండో గీత అంతర్యుద్ధం. ఇది అందరికీ సులువైన లెక్క. 1860 డిసెంబరులో దక్షిణ కరొలినా దేశం నుంచి విడిపోయింది. 1861లో మరో పది రాష్ట్రాలు దాని వెనుక నడిచాయి. మొత్తం 11. బానిసత్వాన్ని కాపాడుకోవడానికి అవి కలిసి కట్టుకున్న కొత్త దేశం పేరు కాన్ఫెడరసీ. అందులో ఉన్నవే దక్షిణాది, మిగతావి కావు అంటే పని అయిపోతుంది. అయిపోతుందా? కెంటకీ దగ్గరకు వచ్చేసరికి ఈ లెక్క తప్పుతుంది. కెంటకీ గురించి కాస్త వివరంగా చెప్పాలి.

కెంటకీలో బానిసత్వం ఉంది. 1860లో అక్కడ రెండు లక్షల పైచిలుకు బానిసలున్నారు. అయినా కెంటకీ విడిపోలేదు. మొదట తటస్థం అంది, తర్వాత ఉత్తరం వైపు నిలిచింది. ఆ రాష్ట్రం నుంచి ఉత్తర సైన్యంలో సుమారు లక్ష మంది పోరాడితే, దక్షిణ సైన్యంలో చేరినవారు అందులో సగం కూడా లేరు. అబ్రహాం లింకన్ పుట్టింది కెంటకీలోనే, 1809లో. కాన్ఫెడరసీ అధ్యక్షుడైన జెఫర్సన్ డేవిస్ పుట్టిందీ కెంటకీలోనే, 1808లో. ఒకే రాష్ట్రం, ఏడాది తేడా కూడా లేదు.

మరి యుద్ధం అయ్యాక ఏమైంది? ఉత్తర సైన్యం నల్లవారిని సైనికులుగా చేర్చుకోవడం మొదలుపెట్టగానే కెంటకీ తెల్ల భూస్వాముల మనసు విరిగింది. క్యాంప్ నెల్సన్ అనే శిబిరానికి బానిసలు వేలకొద్దీ నడిచి వచ్చి తుపాకీ పట్టారు, పట్టి స్వేచ్ఛ పొందారు. మేము దేశం కోసం నిలబడితే దేశం మా ఆస్తిని లాక్కుంది అని యజమానులు రగిలిపోయారు. ఆస్తి అంటే మనుషులు, గుర్తుంచుకోండి. బానిసత్వాన్ని రద్దు చేసే 13వ సవరణను కెంటకీ తిరస్కరించింది. దాన్ని లాంఛనంగా ఆమోదించింది ఎప్పుడో తెలుసా? 1976లో. ఆ తర్వాత తరం ఓడిపోయిన పక్షానికి విగ్రహాలు కట్టడం మొదలుపెట్టింది. గెలిచిన పక్షాన పోరాడిన రాష్ట్రం, ఓడిన పక్షానికి స్మారకాలు కట్టింది! డేవిస్ పుట్టిన ఫెయిర్‌వ్యూ అనే పల్లెలో 351 అడుగుల స్తంభం 1924లో పూర్తయింది. చుట్టూ మైళ్ళకొద్దీ పొలాలు, మధ్యలో ఆకాశంలోకి లేచిన కాంక్రీటు స్తంభం.

అంటే కెంటకీ యుద్ధం ముగిశాక దక్షిణాదిలో చేరింది. యుద్ధంలో ఎటు నిలబడ్డారన్నది కొలత అయితే అది ఉత్తరాది. జ్ఞాపకం కొలత అయితే అది దక్షిణాది. నా కొలతలో కూడా అది దక్షిణాదే, కానీ ఆ స్తంభం వల్ల కాదు. క్యాంప్ నెల్సన్‌కు నడిచి వచ్చిన ఆ మనుషుల వల్ల. పొగాకు పొలాల్లో, జనపనార పొలాల్లో, గుర్రపుశాలల్లో వారు చేసిన చాకిరీ వల్ల.

ఇప్పుడు ఓక్లహోమా. అంతర్యుద్ధం నాటికి అది రాష్ట్రమే కాదు, 1907లో అయింది. మరి దక్షిణాది అలవాట్లు అక్కడికి ఎలా వెళ్ళాయి? 1830లలో చెరోకీ, మస్కోగీ, చాక్టా, చికసా, సెమినోల్ జాతులను జార్జియా, అలబామా, మిసిసిపీ, ఫ్లోరిడా ప్రాంతాల నుంచి తరిమి అక్కడికి పంపారు. ఆ జాతుల్లో సంపన్నులకు నల్ల బానిసలు ఉండేవారు. వారినీ వెంట తీసుకెళ్ళారు. తర్వాత టెక్సస్ నుంచి, ఆర్కన్సా నుంచి పత్తి రైతులు వచ్చి పడ్డారు. రాష్ట్రం ఏర్పడగానే శాసనసభ సెనేటులో మొట్టమొదటి బిల్లు దేని గురించో తెలుసా? రైలు పెట్టెల్లో నల్లవారినీ తెల్లవారినీ విడిగా కూర్చోబెట్టడం గురించి. రోడ్లు, బడులు, పన్నులు, ఇవేవీ ముందు గుర్తుకు రాలేదు.

ఇలా చట్టాలు పట్టుకుని కూడా గీత గీయవచ్చు. 1954లో సుప్రీంకోర్టు బడుల్లో వర్ణ విభజన చెల్లదన్నప్పుడు, రాష్ట్రమంతటా విడి బడులు తప్పనిసరి చేసిన రాష్ట్రాలు 17 ఉన్నాయి. 1967లో వర్ణాంతర వివాహాల మీద నిషేధం చెల్లదన్నప్పుడు ఆ నిషేధం 16 రాష్ట్రాల్లో అమల్లో ఉంది. ఈ రెండు జాబితాల్లోనూ డెలావేర్ ఉంది, మిస్సోరి ఉంది, వెస్ట్ వర్జీనియా ఉంది, ఓక్లహోమా ఉంది. కాన్ఫెడరసీ 11 రాష్ట్రాల కన్నా ఈ గీత పెద్దది. అయితే చట్టం మనకు గోడ ఎక్కడుందో చెబుతుంది. గోడకు రెండు వైపులా మనుషులు ఏమి తిన్నారు, ఏమి పాడారు, ఎలా మాట్లాడారు అన్నది చెప్పదు.

దీనికి ఉత్తర కరొలినా విశ్వవిద్యాలయంలో జాన్ షెల్టన్ రీడ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970లలో ఒక చక్కని ఉపాయం పట్టాడు. ఊరూరి టెలిఫోను డైరెక్టరీలు తెప్పించాడు. వ్యాపారాల పేర్లలో సదరన్, అంటే దక్షిణాది, అని ఎన్ని ఉన్నాయి, దక్షిణాదికి పాత ముద్దుపేరైన డిక్సీ అని ఎన్ని ఉన్నాయి, అమెరికన్ అని ఎన్ని ఉన్నాయి అని లెక్కపెట్టాడు. డ్రైక్లీనింగ్ దుకాణానికి, బీమా కంపెనీకి, మరమ్మతు షెడ్డుకు యజమాని తనంతట తాను పెట్టుకున్న పేర్లు అవి. ఎవరూ బలవంతం చేయలేదు. వాటిని పటం మీద వేస్తే దక్షిణాది ఆకారం తేలింది. సదరన్ అన్న పేరు విశాలంగా పరుచుకుంది. పాత కాన్ఫెడరసీ వాసన ఉన్న డిక్సీ అన్న పేరు దానిలోపల చిన్న ముద్దగా మిగిలింది. ఆ తర్వాత 1990లలో అదే విశ్వవిద్యాలయం నుంచి సర్వేలు చేసి మనుషులనే నేరుగా అడిగారు, మీరుండే చోటు దక్షిణాదేనా అని. అలబామా, మిసిసిపీ, టెనెసీ వాసులు దాదాపు అందరూ అవునన్నారు. కెంటకీలో ఎక్కువమంది అవునన్నారు. మేరీల్యాండ్‌లో సగం మంది కూడా అనలేదు. డెలావేర్‌లో బహుకొద్దిమంది. మనుషులకు తమ చోటు సంగతి బాగానే తెలుసు.

సరే, ఇప్పుడు తిండి దగ్గరకు వద్దాం. వరి గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. కానీ దక్షిణ కరొలినా వరి గురించి చెప్పాలి.

చార్లెస్టన్ చుట్టూ ఉన్న పల్లపు నేలల్లో 1700 ప్రాంతం నుంచి వరి పండించారు. ఆ పంటతోనే చార్లెస్టన్ ఆ కాలపు అమెరికాలో అత్యంత సంపన్నమైన నగరాల్లో ఒకటయింది. ఆ భూములు కొన్న ఇంగ్లీషువారికి వరి సంగతి ఏమి తెలుసు? వరి తెలిసినవారు పశ్చిమ ఆఫ్రికా తీరం నుంచి, సెనెగాంబియా నుంచి, సియెరా లియోన్ వైపు నుంచి సంకెళ్ళలో వచ్చారు. సముద్రపు పోటుకు నది నీరు పైకి లేచినప్పుడు మడిలోకి నీరు ఎక్కించడం, ఆటుకు దింపడం, మధ్యలో చెక్క తూముతో ఉప్పునీరు రాకుండా ఆపడం, ఇదంతా వారి చేతుల మీదుగా జరిగింది. నడుముల్లోతు బురదలో, దోమల మధ్య, మలేరియా మధ్య. 1708 నాటికే ఆ కాలనీలో నల్లవారు తెల్లవారికన్నా ఎక్కువయ్యారు. 1860కి దక్షిణ కరొలినాలో, మిసిసిపీలో జనాభాలో సగానికి పైగా బానిసలే.

ఇవాళ చార్లెస్టన్ దాటి మౌంట్ ప్లెజెంట్ దగ్గర 17వ నంబరు హైవే మీద వెళ్తే, రోడ్డు పక్కన చెక్క గుడిసెల ముందు నల్లజాతి స్త్రీలు స్వీట్‌గ్రాస్ అనే గడ్డితో బుట్టలు అల్లుతూ కనిపిస్తారు. దగ్గరికి వెళ్ళి చూడండి. గడ్డిని చుట్టలుగా చుట్టి, తాటాకు జాతి ఆకు చీలికతో కుడతారు. సూది బదులు చెంచా పిడిని అరగదీసి వాడతారు. పూర్వం ఇదే పనితనంతో వెడల్పుగా, తట్టలా ఒకటి అల్లేవారు. అందులో దంచిన వడ్లు పోసి గాలికి ఎగరేసి ఊక పోగొట్టేవారు. చూడగానే మీకు తెలిసిపోతుంది అది ఏమిటో. చేట! ఆఫ్రికా నుంచి వచ్చిన చేట అది. ఉత్తర కరొలినా నుంచి ఫ్లోరిడా దాకా ఈ తీరంలో ఉన్న ఈ జనాన్ని గల్లా గీచీ అంటారు. 2006లో అమెరికా కాంగ్రెస్ ఆ తీరాన్నంతా వారి వారసత్వ ప్రాంతంగా గుర్తించింది.

కొత్త సంవత్సరం రోజున దక్షిణాది ఇళ్ళలో ఏమి తింటారు? అలసందలూ అన్నమూ. పక్కన కొలార్డ్ ఆకుకూర, మొక్కజొన్న రొట్టె. అలసంద నాణేలకు గుర్తు, ఆకుకూర నోట్లకు గుర్తు, ఏడాదంతా చేతిలో డబ్బాడాలని. నల్లవారి ఇంట్లో తింటారు, తెల్లవారి ఇంట్లో తింటారు. అలసంద ఆఫ్రికా గింజ. బెండకాయ కూడా ఆఫ్రికా వైపు నుంచి ఇక్కడికి వచ్చిందే. లూసియానా గంబో పులుసు అది లేకుండా ఊహించగలమా? ఒకరినొకరు ఒకే బల్ల మీద కూర్చోనివ్వని మనుషులు, రెండు బల్లల మీద ఒకే భోజనం చేశారు. దక్షిణాది అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే.

ఈ తిండి కథలో చీకటి వైపు కూడా ఉంది. అది చెప్పకపోతే అబద్ధం చెప్పినట్లే. పెలాగ్రా అనే జబ్బు పేరు మీలో డాక్టర్లకు తెలిసే ఉంటుంది. ఎండ తగిలిన చోట చర్మం నల్లబడి పొలుసులూడుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, మతి చలిస్తుంది, చివరకు ప్రాణం పోతుంది. 20వ శతాబ్దం మొదటి సగంలో ఈ జబ్బు దక్షిణ రాష్ట్రాలను పట్టి పీడించింది. అంటురోగమని అందరూ భయపడ్డారు. 1914లో ప్రభుత్వం జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే వైద్యుణ్ణి ఆ పని మీద పెట్టింది. ఆయన అనాథాశ్రమాలు చూశాడు, పిచ్చాసుపత్రులు చూశాడు, దక్షిణ కరొలినా నూలుమిల్లుల పేటల్లో ఇంటింటి తిండి లెక్క రాయించాడు. అంటురోగం కాదని నిరూపించడానికి రోగుల రక్తం తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు, వారి చర్మపు పొలుసులు మింగాడు. ఆయన భార్యా, సహచరులూ కూడా ఆ ప్రయోగానికి ఒళ్ళప్పగించారు. ఎవరికీ జబ్బు రాలేదు. పాలు, గుడ్లు, మాంసం పెట్టిన చోట జబ్బు తగ్గింది.

అసలు కారణం ఏమిటి? పత్తి. పాలికి చేసే కౌలు రైతు గుమ్మం దాకా పత్తే వేయాలి, కూరపాదుకు చోటు లేదు. దుకాణంలో అప్పు మీద దొరికేది మొక్కజొన్న పిండి, బెల్లపు పాకం, పంది కొవ్వు. నల్ల కౌలుదారు తిన్నదీ అదే, పేద తెల్ల కౌలుదారు తిన్నదీ అదే. మొక్కజొన్నలో ఉన్న నియాసిన్ అనే విటమిన్ ఒంటికి పట్టాలంటే దాన్ని సున్నపు నీటిలోనో బూడిద నీటిలోనో ఉడికించాలి. ఈ నేల మూలవాసులు ఎప్పటి నుంచో అలాగే చేసేవారు. వారి నుంచి గింజ తీసుకున్నవారు ఆ పద్ధతిని వదిలేశారు. మన హైదరాబాదుకు ఇక్కడ సంబంధం ఉంది. జొన్నే ముఖ్యాహారమైన దక్కను పల్లెల్లో కూడా పెలాగ్రా కనిపించేది. 1960 ప్రాంతంలో సి. గోపాలన్, ఆయన సహచరులు హైదరాబాదులో దాని మీద పరిశోధన చేశారు. వారు పనిచేసిన ప్రయోగశాలే ఇవాళ తార్నాకలో మీరు చూసే జాతీయ పోషకాహార సంస్థ.

కాబట్టి దక్షిణాది అంటే తియ్యటి టీ, వేయించిన కోడి, వరండాలో ఊయల కుర్చీ అని ఎవరైనా చెబితే, అది ఆ బల్ల మీద సగమే. మిగతా సగం పెలాగ్రా.

ఇప్పుడు మిమ్మల్ని ఒక వీధికి తీసుకెళ్తాను. ఇక్కడి నుంచి కారులో మూడు గంటల్లో చేరవచ్చు. అలబామా రాజధాని మాంట్‌గోమరీలో డెక్స్టర్ అవెన్యూ. సుమారు అరమైలు ఉంటుంది, నిదానంగా నడిచినా పది నిమిషాలు. కింది చివర ఒక ఫౌంటెన్ ఉన్న కూడలి. అక్కడ బానిసల వేలం జరిగేది. ఆ కూడలి మూలనున్న భవనం నుంచే 1861 ఏప్రిల్‌లో చార్లెస్టన్ రేవులోని ఫోర్ట్ సమ్టర్ అనే కోట మీద దాడికి టెలిగ్రాము ఆదేశం వెళ్ళింది. యుద్ధం ఆ తంతితో మొదలైంది. అదే కూడలిలో 1955 డిసెంబరు 1 సాయంత్రం, కుట్టుపని చేసి ఇంటికి వెళ్తూ రోజా పార్క్స్ అనే నల్లజాతి స్త్రీ బస్సు ఎక్కింది. తెల్లవాడికి సీటు ఇవ్వనన్నందుకు ఆమెను అరెస్టు చేశారు. వేలం వేసిన చోటే బస్సు స్టాపు.

వీధి పై చివర శాసనసభ భవనం. దాని మెట్ల పైన ఒక ఇత్తడి నక్షత్రం బిగించి ఉంటుంది. 1861 ఫిబ్రవరి 18న జెఫర్సన్ డేవిస్ కాన్ఫెడరసీ అధ్యక్షుడిగా ప్రమాణం చేసింది అక్కడ. 1963 జనవరిలో గవర్నరు జార్జి వాలస్, వర్ణ విభజన కలకాలం ఉండాలని ప్రసంగించింది కూడా కావాలని ఆ చోట నిలబడే. ఆ నక్షత్రం దగ్గర నిలబడి తల కాస్త తిప్పండి. ఎర్ర ఇటుకల చర్చి ఒకటి కనిపిస్తుంది. ఒక్క వీధి అవతల. 1954లో పాతికేళ్ళ కుర్రవాడు ఒకడు అక్కడికి పాస్టరుగా వచ్చాడు, మార్టిన్ లూథర్ కింగ్. రోజా పార్క్స్ అరెస్టుకు నిరసనగా నల్లవారు చేసిన 381 రోజుల బస్సు బహిష్కరణకు పనులు జరిగింది ఆ చర్చి కేంద్రంగానే. 1965 మార్చి 25న ఓటు హక్కు కోసం సెల్మా అనే ఊరి నుంచి నడిచి వచ్చిన ఊరేగింపు ఆ వీధి అంతా నిండి ఆ మెట్ల ముందు ఆగింది.

ఇప్పుడు చెప్పండి. ఆ వీధిలో దక్షిణాది వారసుడు ఎవరు? డేవిసా, వాలసా, కింగా, రోజా పార్క్సా? చాలాకాలం పుస్తకాల్లో దక్షిణాదివారు అని రాస్తే తెల్లవారు అనే అర్థం. నల్లవారిని విడిగా రాసేవారు. ఆ అలవాటు ఇంకా పోలేదు. నాకు అది చాలా బాధ కలిగిస్తుంది. అట్లాంటాలో పుట్టి, బాప్టిస్టు చర్చి పాస్టరు ఇంట్లో పెరిగి, ఆ యాసలో, ఆ ప్రసంగ శైలిలో దేశాన్ని కదిలించిన కింగ్ కన్నా దక్షిణాది మనిషి ఎవరున్నారు?

చర్చి అన్నాను కదా. మీరు కొత్తగా ఈ ఊరు వచ్చినప్పుడు పక్కింటివారు మీరు ఏ చర్చికి వెళ్తారని అడిగే ఉంటారు. అడిగారా? చేతులెత్తనక్కరలేదు, నవ్వులు వినబడుతున్నాయి. అది ఇక్కడ పరిచయం చేసుకునే పద్ధతి, తప్పు పట్టకండి. సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ 1845లో మన జార్జియాలోనే, అగస్టాలో పుట్టింది. బానిసల యజమానులను మిషనరీలుగా పంపవచ్చా అన్న తగాదాతో ఉత్తరాదివారి నుంచి విడిపోయింది. 1995లో దానికి క్షమాపణ చెప్పింది, 150 ఏళ్ళకు. నల్ల బాప్టిస్టులు తమ చర్చిలు తాము కట్టుకున్నారు. నీటిలో ముంచి ఇచ్చే బాప్తిస్మం ఒకటే, పాటల్లో చాలావరకు అవే. కానీ అందరూ బాప్టిస్టులైతేనే దక్షిణాది అనుకోకండి. దక్షిణ లూసియానా క్యాథలిక్కులది, అక్కడ కౌంటీలను పారిష్‌లంటారు, ఇళ్ళలో ఫ్రెంచి మాట్లాడేవారు ఉండేవారు. అయినా లూసియానాను దక్షిణాది నుంచి ఎవరు తీసేయగలరు? ఆఫ్రికా తాళం, ఫ్రెంచి వాయిద్యం కలిసి న్యూ ఆర్లియన్స్‌లో జాజ్ పుట్టింది.

టెక్సస్ అడిగారు కదా. 1860లో టెక్సస్ జనాభాలో సుమారు 30 శాతం బానిసలే, ఎక్కువగా తూర్పు భాగంలో, పత్తి పొలాల్లో. స్వేచ్ఛ వార్త 1865 జూన్ 19న గాల్వెస్టన్‌కు చేరింది. ఆ రోజును నల్లవారు తరతరాలుగా పండగ చేసుకున్నారు. 2021లో అది దేశమంతటికీ సెలవు దినమయింది. కాబట్టి తూర్పు టెక్సస్, హ్యూస్టన్ దాకా, నిస్సందేహంగా దక్షిణాది. పడమటి గడ్డి మైదానాలు, రియో గ్రాండే లోయ వేరే లోకాలు. డాలస్ మధ్యలో ఉంది, దాన్ని రెండు వైపులా లాగుతారు. ఫ్లోరిడాలో ఉత్తరానికి వెళ్ళేకొద్దీ దక్షిణాది చిక్కబడుతుంది, టాలహాసీ దక్షిణాది, మయామి కాదు. వర్జీనియాలో కాన్ఫెడరసీ రాజధాని రిచ్‌మండ్ ఉంది. 1890లో అక్కడ నిలబెట్టిన కాన్ఫెడరసీ సేనాని రాబర్ట్ లీ విగ్రహాన్ని 2021లో దించేశారు. మనవారు ఎక్కువగా ఉండే ఉత్తర వర్జీనియాలో మాత్రం ఇదంతా దూరపు వార్తలా వినబడుతుంది.

చికాగోను కూడా వదలకూడదు. 1910 నుంచి 1970 లోపు సుమారు 60 లక్షల మంది నల్లవారు దక్షిణాది వదిలి ఉత్తరానికి, పడమరకు వెళ్ళిపోయారు. చికాగోలో, డెట్రాయిట్‌లో వారు పాడిన బ్లూస్ మిసిసిపీదే, వారు వండిన కూర అలబామాదే. 1970ల నుంచి ప్రవాహం తిరిగింది, వారి పిల్లలు, మనవలు వెనక్కి వస్తున్నారు. ఎక్కువగా ఎక్కడికి? మన అట్లాంటాకే. దేశంలోని నల్లవారిలో సగానికి పైగా ఇవాళ దక్షిణాదిలోనే ఉన్నారు.

ఇక మన ఇంటి దగ్గరి మాట. మీలో సగం మంది ఫోర్సైత్ కౌంటీ నుంచి వచ్చారనుకుంటాను. 400 నంబరు హైవే, లేనియర్ చెరువు, మంచి బడులు. ఆ కౌంటీని 1832లో చెరోకీల భూమి మీద ఏర్పాటు చేశారు. చెరోకీలను అక్కడి నుంచి పంపేయాలని పట్టుబట్టిన జార్జియా గవర్నరు జాన్ ఫోర్సైత్ పేరే దానికి పెట్టారు. 1838లో చెరోకీలను సైన్యం తోలుకుపోయింది. 1912లో ఒక తెల్ల యువతి హత్యకు గురైంది. నేరం నల్ల యువకుల మీద మోపారు. ఒకరిని కౌంటీ కేంద్రమైన కమ్మింగ్ జైలు నుంచి గుంపు లాగి చంపింది. మరో ఇద్దరిని, ఇంకా ఇరవై ఏళ్ళు నిండనివారిని, హడావిడి విచారణ చేసి జనం ముందు ఉరితీశారు. ఆ తర్వాత రాత్రిపూట గుర్రాల మీద వచ్చి, చర్చిలు తగలబెట్టి, కౌంటీలో ఉన్న నల్లవారిని, సుమారు 1,100 మందిని, అందరినీ తరిమేశారు. పొలాలు పోయాయి, ఇళ్ళు పోయాయి. సుమారు 75 ఏళ్ళు అక్కడ నల్లవారు లేరు. 1987 జనవరిలో దాన్ని ఖండిస్తూ చిన్న ఊరేగింపు వెళ్తే రాళ్ళు వేశారు. వారం తర్వాత కింగ్ సహచరుడు హోసియా విలియమ్స్ వెంట సుమారు 20,000 మంది కమ్మింగ్‌కు వచ్చారు. 2020 జనాభా లెక్కల్లో ఆ కౌంటీ రెండున్నర లక్షలు దాటింది. అందులో మనవారెందరో మీకే తెలుసు.

తరిమినవారు తమ కౌంటీని అచ్చమైన దక్షిణాదిగా మార్చామనుకున్నారు. నా లెక్కలో ఆ 75 ఏళ్ళు ఫోర్సైత్ సగం దక్షిణాదే. ఆ బతుకును కట్టిన చేతుల్లో ఒక చేతిని నరికేశారు కదా! 2021లో కమ్మింగ్ నడిబొడ్డున ఆనాటి సంగతి రాసిన ఫలకం పెట్టారు. బియ్యానికీ, కూరలకూ ఆ దారిన వెళ్ళినప్పుడు ఆగి చదవండి. పిల్లలను తీసుకెళ్ళండి. మన పిల్లలు ఈ నేల యాసలో మీరంతా అనడానికి యాల్ అంటూ పెరుగుతున్నారు. ఈ నేల కథ కూడా వారికి తెలియాలి, పూర్తిగా తెలియాలి.

ప్రశ్నలకు సమయం ఇస్తాను. మిస్సోరి సంగతేమిటని ఎవరో అడుగుతారని తెలుసు కాబట్టి అది చెప్పి ఆపుతాను. మిస్సోరి నది వెంట రాష్ట్రం నడుమ ఉన్న కొన్ని కౌంటీలను లిటిల్ డిక్సీ అంటారు. కెంటకీ, వర్జీనియాల నుంచి వచ్చినవారు బానిసలతో పొగాకు, జనపనార పండించిన చోటు అది. ఆగ్నేయ మూలన బూట్‌హీల్ అనే పత్తి నేల ఉంది. 1939 జనవరిలో అక్కడి భూస్వాములు గెంటేసిన కౌలుదారులు, వెయ్యిమందికి పైగా, సామానంతా తెచ్చి 60, 61 నంబరు హైవేల పక్కన చలిలో మకాం వేశారు. దారినపోయేవారందరూ చూడాలని. ఎక్కువమంది నల్లవారు, వారి పక్కనే పేద తెల్లవారు. పోలీసులు కొద్దిరోజుల్లో వారిని అక్కడి నుంచి చెదరగొట్టారు. మిస్సోరిలో మిగతా ప్రాంతం గురించి వాదించుకోవచ్చు కానీ, ఆ మూల మాత్రం దక్షిణాదే. ఇక అడగండి.